జీతం వేస్తున్నారు, రొటేషన్ కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పేజీల్లో గల్ఫ్ ఇంటర్వ్యూల ప్రకటనలు తరచూ వస్తున్నాయి. ఆఫ్‌షోర్‌కి, అంటే సముద్రంలో చమురు, గ్యాస్ తీసే చోట్లకి, రిగ్గర్లు, స్కాఫోల్డర్లు, 6జీ వెల్డర్లు, పెయింటర్లు, రౌస్టబౌట్లు (డెక్ మీద కూలి పనివాళ్ళు) కావలెను, జీతం ఇంత, భోజనం వసతి ఉచితం, ఒరిజినల్ పాస్‌పోర్టుతో రావలెను. అంతవరకే. ఎన్నాళ్ళు సముద్రంలో ఉంచుతారో, ఎన్నాళ్ళకు ఇంటికి పంపుతారో, అంటే రొటేషన్ ఏమిటో, వాటిలో కనపడదు. కావలిలో, ఒంగోలులో ఐటీఐ పూర్తిచేసిన పిల్లలు, కొత్తపట్నం, జువ్వలదిన్నె వైపు నుంచి వేట మానుకుని ఈ పనికి పోదామనుకునే కుర్రవాళ్ళు ఆ జీతం ఒక్కటే చూసి సంతకం పెడుతున్నారు. రొటేషన్ తెలియకుండా ఆ జీతం ఎక్కువో తక్కువో చెప్పడం ఎవరి తరమూ కాదు.

రొటేషన్ రాసేటప్పుడు ముందున్నది పని రోజులు, వెనకున్నది ఇంటి రోజులు. అరేబియా సముద్రంలోని ముంబై హై చమురు క్షేత్రంలో ఓఎన్‌జీసీ సొంత ఉద్యోగులది 14/14. విదేశీ డ్రిల్లింగ్ రిగ్గుల్లో నైపుణ్యమున్న వాళ్ళకు ఎక్కువగా 28/28 ఉంటుంది. కింది స్థాయి పనులకు, కాంట్రాక్టు మీద తీసుకునే వాళ్ళకు 42/21, 56/28, 90/30 లాంటివి చూపిస్తారు. నార్వేలో రెండు వారాలు పని, నాలుగు వారాలు ఇల్లు. అది మన దాకా రాదు గానీ, ఈ పని ఎంత బరువైనదో అక్కడి వాళ్ళు ఎలా లెక్కకట్టారో తెలుస్తుంది.

సముద్రం మీద ఆదివారం లేదు, పండగ లేదు, ప్రతిరోజూ 12 గంటల షిఫ్టు. దాన్ని ఇంటి రోజులతో కలిపి సగటు తీస్తే 14/14కీ 28/28కీ వారానికి 42 గంటలు పడుతుంది. 56/28కీ 42/21కీ 56 గంటలు. 90/30కి 63 గంటలు. ఒడ్డున ఏ ఫ్యాక్టరీలోనైనా వారానికి 63 గంటలు ఏడాది పొడుగునా చేయమంటే ఎవరూ ఒప్పుకోరు. నెల రోజులు సెలవిస్తున్నారన్న మాట వినేసరికి ఇక్కడ ఒప్పేసుకుంటున్నారు.

ఇక డబ్బు. ఒక కంపెనీ 28/28కి నెలకు 1,20,000 ఇస్తుంది, ఇంట్లో ఉన్న నెలకూ జీతం ఉంది అనుకుందాం. ఇంకొకటి 90/30కి రోజుకు 5,500 ఇస్తుంది, కానీ హాజరున్న రోజులకే. మొదటిదాంట్లో ఏడాదికి 14,40,000 వస్తుంది, సముద్రం మీద గడిపేది 182 రోజులు. రెండోదాంట్లో 274 రోజులకు 15,07,000. రెండోదే మేలని ఇంట్లో అందరూ అంటారు, 67,000 ఎక్కువ కదా అని. ఆ 67,000 కోసం 92 రోజులు అదనంగా పని చేశాడు. అంటే ఆ రోజుల కూలి రోజుకు 728 రూపాయలు. 12 గంటలు, నడిసముద్రంలో, 728కి! ప్రతి ఆఫర్‌నీ ఇలాగే విడగొట్టి చూడాలి. ఏడాదికి చేతికొచ్చే మొత్తాన్ని ఏడాదిలో ఇల్లు వదిలి ఉన్న రోజులతో భాగించాలి. పోవడానికి రావడానికి పట్టే రోజులు, ట్రైనింగ్ రోజులు, మెడికల్ కోసం తిరిగే రోజులు, అన్నీ ఇల్లు వదిలిన రోజుల్లోనే కలపాలి.

ప్రయాణం సంగతి మన జిల్లాల వాళ్ళకు మరీ ముఖ్యం. ముంబై హైకి పోవాలంటే జుహూ హెలీబేస్‌కి చేరాలి. నెల్లూరు నుంచి చెన్నైకో రేణిగుంటకో పోయి అక్కడ విమానమో రైలో పట్టుకోవాలి, హెలికాప్టర్ ఉదయమే కాబట్టి ముందురోజే ముంబైలో దిగి ఉండాలి. కాకినాడ వైపు సముద్రంలోని చమురు, గ్యాస్ బ్లాకులకైతే సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి సరిపోతుంది. 14/14 చేసేవాడు ఏడాదికి 13 సార్లు పోయి 13 సార్లు వస్తాడు, మొత్తం 26 ప్రయాణాలు. ఒక్కోదానికి ఒకటిన్నర రోజు వేసుకున్నా 39 రోజులు ఇంటి రోజుల్లోంచే పోతాయి. 28/28లో అందులో సగం. ఆఫ్ (ఇంటి రోజులు) ఎక్కడ మొదలవుతుందన్నది అందుకే కాంట్రాక్టులో వెతకాలి. హెలిడెక్ మీద కాలు తీసిన దగ్గర్నుంచా, చెన్నైలో దిగిన దగ్గర్నుంచా? టికెట్టు ఎవరిది, ఏ ఊరి నుంచి? ముంబై నుంచే టికెట్టు ఇస్తామంటే కావలి నుంచి ముంబై దాకా అయ్యే ఖర్చు మీదే.

నిద్ర గురించి ఇంటర్వ్యూలో ఎవరూ మాట్లాడరు, అడగడానికి మొహమాటపడతారు. అడగాలి. షిఫ్టు ఆరు నుంచి ఆరు, లేదా పన్నెండు నుంచి పన్నెండు. కొన్ని చోట్ల హిచ్ (ఒక విడతలో సముద్రం మీద చేసే పని రోజులు) మొత్తం పగలో, మొత్తం రాత్రో వేస్తారు. ఇంకొన్ని చోట్ల సగం రాత్రి, సగం పగలు. ఈ సగం సగం పద్ధతి మనిషిని బాగా దెబ్బతీస్తుంది. రాత్రి పనికి ఒళ్ళు అలవాటు పడడానికి వారం దాకా పడుతుంది. షిఫ్టు దిగి నేరుగా కిటికీ లేని బంక్‌లోకి పోతారు కాబట్టి సముద్రం మీద అది కొంచెం తొందరగానే కుదురుతుంది. 14 రోజుల హిచ్‌లో ఏడు రాత్రులు, ఏడు పగళ్ళు వేస్తే, ఒళ్ళు రాత్రికి కుదురుకునే వేళకు పగటికి మారుస్తారు. మళ్ళీ పగటికి కుదురుకునే లోపల హిచ్ అయిపోతుంది. పగళ్ళు చివర ఉంటే ఇంటికి పోయాక నిద్ర పడుతుందని పాతవాళ్ళు ఇది కోరుకుంటారు. ఇంటి సుఖం కోసం పనిలో మెలకువ తాకట్టు పెట్టడమే అది. క్రేన్ కింద నిలబడి ట్యాగ్‌లైన్ (బరువు ఊగకుండా పట్టే తాడు) పట్టుకునే రిగ్గర్‌కి, డ్రిల్ ఫ్లోర్ మీద టాంగ్‌లు (పైపులు బిగించే పెద్ద పట్టకార్లు) వేసే రఫ్‌నెక్‌కి ఆ మగత వేళ్ళనూ చేతులనూ తీసుకుంటుంది.

హిచ్ అంతా రాత్రి చేసిన మనిషికి ఇంటికొచ్చాక నాలుగైదు రోజులు పగలు నిద్ర, రాత్రి జాగారం తప్పవు. 14 రోజుల ఆఫ్‌లో అవి పోతే మిగిలేది తొమ్మిదో పదో. 28లో పోతే ఇంకా మూడు వారాలుంటాయి. ఇంకొక మాట. ఉదయం నైట్ షిఫ్టు దిగి, హెలికాప్టరెక్కి, సాయంత్రం చెన్నైలో విమానం దిగి, తానే కారు నడుపుకుంటూ సూళ్ళూరుపేట మీదుగా వచ్చే మనిషి అప్పటికి ఇరవై నాలుగు గంటలు నిద్ర లేనివాడు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా డ్రైవర్‌ని పంపాలి, లేదా రైలెక్కి రమ్మనాలి.

28 రోజుల్లో మూడో వారం దాటాక అలసట పేరుకుంటుందన్నదీ నిజమే. ఎండాకాలంలో గల్ఫ్ డెక్ మీద చివరి వారం పొరపాట్లు పెరుగుతాయి. కానీ 14/14లో పని చేతులు మారడం రెండింతలు, అక్కడ వేరే ప్రమాదముంది. 1988 జూలై 6న బ్రిటన్ సముద్రంలో పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం తగలబడి 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టు వాళ్ళు ఒక పంపు సేఫ్టీ వాల్వ్ విప్పి, ఆ చోట ఒక మూత బిగించి పెట్టారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. రెండో పంపు ఆగిపోయేసరికి రాత్రివాళ్ళు ఈ పంపు నడిపారు. అప్పగింతలో ఒక్క మాట తప్పిపోతే జరిగింది అది. ఏ రొటేషన్‌లో చేరినా, రిలీవర్‌తో (మీ బదులు పనిలోకి దిగే మనిషితో) కొన్ని గంటలైనా కలిసి ఉండే వీలుందా, ఇంకా పూర్తికాని పనుల పర్మిట్లన్నీ రాతలో అప్పజెబుతారా అని అడగండి. రిలీవర్ దిగిన హెలికాప్టర్‌లోనే మీరు ఎక్కాలంటే అప్పగింత రోటర్ చప్పుడులో చేతి సైగలతో అయిపోతుంది.

రిలీవర్ రాకపోతే ఏమిటన్నది ఇంకో ప్రశ్న. మన బంగాళాఖాతంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్లు, అటు అరేబియా సముద్రంలో జూన్ తర్వాత వానాకాలం. హెలికాప్టర్లు ఎగరని రోజులుంటాయి. 2020 లాక్‌డౌన్‌లో క్రూ చేంజ్‌లు నెలల తరబడి ఆగిపోయాయి. 28వ రోజు దాటాక ప్రతి రోజుకూ ఎంత కట్టిస్తారు, ఆలస్యమైన రోజులు ఆఫ్‌లోంచి కోస్తారా, కలుపుతారా? ఇవి కాంట్రాక్టులో రాసి ఉండాలి. నోటిమాటగా చూసుకుందాం అంటే చూసుకోరు.

బార్జ్ (పనివాళ్ళను ఉంచే చదునైన పెద్ద పడవ) పనులకు చాలాసార్లు రొటేషన్ అన్న మాటే ఉండదు. పశ్చిమ తీరంలో పైపులైన్లు, ప్లాట్‌ఫారం రిపేర్లు వానాకాలం పోయాక మొదలై మే దాకా నడుస్తాయి. పని అయ్యేదాకా ఉండాలి, సీజన్ అయ్యేదాకా ఉండాలి అంటారు. 2021 మే నెలలో తౌక్టే తుపానుకు ముంబై హై దగ్గర మునిగిపోయిన పి-305 బార్జ్ మీద 261 మంది ఉన్నారు, ఎక్కువ మంది కాంట్రాక్టు పనివాళ్ళే. 70 మందికి పైగా ప్రాణాలు పోయాయి. సీజన్ ఆఖరి రోజుల దాకా జనాన్ని నిలబెట్టే పద్ధతి ఎంత ప్రమాదమో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. తిరిగి పంపే తేదీ లేని కాగితం మీద సంతకం పెట్టవద్దు.

విదేశానికి పోయేవాళ్ళు ఆదాయపు పన్ను లెక్క కూడా చూసుకోవాలి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపల మన దేశంలో 182 రోజులు ఉన్నా, అంతకు మించినా ఇక్కడ రెసిడెంట్ అవుతారు, అక్కడ సంపాదించిన జీతం ఇక్కడి పన్ను లెక్కలోకి వస్తుంది. 28/28 సరిగ్గా ఆ గీత మీదే నడుస్తుంది. ఏడాదిలో సగం అంటే 182 రోజుల పైచిలుకు. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ ఇక్కడివే అని పట్టుకుంటే సులువుగా గీత దాటుతుంది. డిసెంబర్ నాటికే పాస్‌పోర్టు ముద్రలు చూసి రోజులు లెక్కపెట్టుకోవాలి, చార్టర్డ్ అకౌంటెంట్‌తో మాట్లాడాలి. మార్చిలో లెక్కపెడితే చేసేదేమీ ఉండదు. 56/28 వాళ్ళు ఇక్కడ ఉండేది 122 రోజులే కాబట్టి వాళ్ళకు ఈ దిగులు తక్కువ. ముంబై హైలో, కాకినాడ బ్లాకుల్లో చేసేవాళ్ళకు ఈ లెక్కే లేదు, అది మన దేశమే.

సప్లై వెసెల్ (రిగ్గులకు సరుకు మోసే ఓడ) ఉద్యోగాన్ని కూడా కొందరు ఏజెంట్లు ఆఫ్‌షోర్ అనే పిలుస్తారు. అది ఓడ ఉద్యోగం. సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం) కావాలి, కాంట్రాక్టు నెలల్లో ఉంటుంది. 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలన్న అంతర్జాతీయ నిబంధన వాళ్ళకుంది. రిగ్గు రొటేషన్‌తో దాన్ని పోల్చవద్దు. రిగ్గుకు పోయేవాళ్ళ బోసియట్ (సముద్రం మీద ప్రాణరక్షణ శిక్షణ) సర్టిఫికెట్ నాలుగేళ్ళే చెల్లుతుంది. మళ్ళీ చేయడానికి ఫీజు ఎవరిదో, ఆ రోజులు ఎవరివో ముందే తేల్చుకోండి. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, ఇంతకు మించి తీసుకోకూడదు.

పండగల సంగతి చిన్నదిగా కనపడుతుంది గానీ ఇంట్లోవాళ్ళకు అదే పెద్దది. 14/14 అంటే 28 రోజుల చక్రం. 28ని 13తో హెచ్చవేస్తే 364, ఏడాదికి ఒక్క రోజే జరుగుతుంది. ఈ సంక్రాంతికి సముద్రం మీద ఉన్నవాడు పై సంక్రాంతికీ అక్కడే ఉంటాడు, ఆ పై దానికీ అంతే. వాడి బ్యాక్ టు బ్యాక్, అంటే వాడితో వంతు మార్చుకునేవాడు, మాత్రం ప్రతి ఏడూ ఇంట్లో. 28/28లో చక్రం 56 రోజులు, ఆరు చక్రాలు పోగా 29 రోజులు మిగులుతాయి కాబట్టి ఒక ఏడాది ఇల్లు, ఒక ఏడాది సముద్రం. ఎడగారు నాట్లకైనా, రొయ్యల పట్టుబడికైనా ఇదే లెక్క. చేరే తేదీ వారం అటూ ఇటూ జరపమని అడిగే అవకాశం చేరేముందే ఉంటుంది. 14/14కి పోయేవాళ్ళు క్యాలెండర్ ముందు పెట్టుకుని ఆ తేదీ అడగాలి.

మొదటిసారి పోయే మన జిల్లా కుర్రవాడికి ఇంట్లో ఉన్న రోజులకూ జీతమిచ్చే 28/28 అన్నిటికంటే మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో పసిబిడ్డ ఉంటే, మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే, ప్రయాణాలు ఎక్కువైనా సరే 14/14 దొరికితే వదులుకోకూడదు. అప్పు గట్టిగా ఉండి గతిలేక 56/28కి పోతే, ఏడాదికో రెండేళ్ళకో గడువు పెట్టుకుని పోవాలి. 90/30 ఎంత జీతమిచ్చినా వద్దంటాను.

సంపాదకులు గారూ, మీ పత్రికను కోరేది ఒక్కటే. ఆఫ్‌షోర్ ప్రకటన తీసుకునేటప్పుడు జీతం పక్కన ఆన్ ఎన్ని రోజులు, ఆఫ్ ఎన్ని రోజులు, ఆఫ్‌కి జీతం ఉందా లేదా అన్న ఒక్క వరుస తప్పనిసరి చేయండి. దానికి మరో అంగుళం స్థలం కూడా పట్టదు. ఆ వరుస ఇవ్వనన్న వాళ్ళ ప్రకటన తీసుకోకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా