ఎడమ ముందు టైరు

హనుమకొండ,
డిసెంబరు 16.

బిడ్డా శిరీషా,

సాయిగాడు రేపు పొద్దుగాల బస్సుకు అక్కడికి వస్తుండు. వాని చేతిల మీ అమ్మ పెట్టిన సకినాల డబ్బా, నువ్వుల పొడి, కారప్పొడి ఉంటయి. డబ్బా మూత గట్టిగ బిగించు, పోయినసారి మెత్తవడ్డయని నువ్వే అన్నవ్. ఆ సంచిలనే ఈ ఉత్తరం పెడుతున్న. ఫోన్ల చెప్తె అయిపోయేదే గని, నువ్వు "మీటింగుల ఉన్న బాపూ" అని పెట్టేస్తవ్. కార్తీక పున్నానికి వచ్చి పోయి నలభై రోజులు దాటింది.

నువ్వు తెల్ల బండి అమ్మి వేగం బండి కొంటవని సాయిగాడే చెప్పిండు. వాన్ని ఏమనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగిన. ఒకటి కొత్త హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ అట, ఇంకోటి సెకండ్ హ్యాండ్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ అట. వద్దనడానికి రాస్తలేను. రెండూ మన షాపుకు అలైన్‌మెంటుకు వచ్చే బండ్లే, వాటిని కిందినుంచి చూసినోన్ని, అందుకని రాస్తున్న. అన్నట్టు నీ తెల్ల బండికి ఎడమ ముందు టైరు కొత్తగ కనవడ్డది. అడుగుదామనుకున్న, ఆ రోజు వేయిస్తంభాల గుడికాడ దీపాల తొందరల మరిచిపోయిన.

ముందు ఇంజిన్ల సంగతి. ఎన్ లైన్‌ల 998 సీసీ, మూడు సిలిండర్లు, టర్బో, 120 పీఎస్ బలం, 172 ఎన్ఎం లాగుడు. పోలో జీటీల రెండు రకాలున్నయి, అమ్మేటోడు రెండింటినీ ఒక్క పేరుతోనే అమ్ముతడు, నువ్వు కలుపుకోకు. 2013ల వచ్చింది 1.2 లీటర్లది, నాలుగు సిలిండర్లు, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. 2020ల వచ్చింది 1.0 లీటరుది, మూడు సిలిండర్లు, 110 పీఎస్, ఆటోమేటిక్ అయితె ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్, అంటె రాసుకునే క్లచ్చు కాకుండ నూనె తోని బలం దాటించేది. రెండింటి లాగుడు 175 ఎన్ఎం. కాగితం మీద ఈ మూడింటికి పెద్ద తేడా లేదు. తేడా అంతా రోజూ నడిపేటప్పుడు తెలుస్తది. టర్బో 1,500, 1,800 ఆర్పీఎం దాటినంకనే అందుకుంటది, అంతదాక మొద్దుగ ఉంటది. చౌరస్తాల రెండో గేరుల మెల్లగ పోతుంటె కాలు తొక్కినవనుకో, ముందు ఏం కాదు, తర్వాత ఒక్కసారే గుంజుతది. ఆ నడుమ అరసెకను అలవాటు లేకనే కొత్తోళ్ళు ముందటి ఆటోకు తగిలిస్తరు.

నీకు రోజు మియాపూర్ నుంచి గచ్చిబౌలి. అందుకని గేర్‌బాక్సు సంగతి జాగ్రత్తగ చదువు. పాత పోలో డీఎస్‌జీ, ఎన్ లైన్ డీసీటీ, రెండూ రెండు క్లచ్చులవే, రెండూ పొడి క్లచ్చులే. నూనెల మునిగి ఉండవు, వేడి పోవాలంటె గాలి ఒక్కటే దిక్కు. ట్రాఫిక్కుల అడుగు అడుగుకు జరుపుతుంటె క్లచ్చు సగం పట్టి సగం వదిలి రాసుకుంటది, వేడెక్కుతది, ఒకటి రెండు గేర్ల నడుమ బండి వణుకుతది. దీంట్ల కంపెనీ తప్పేం లేదు, ఆ పని తీరే అంత. ఆటోమేటిక్కే కావాలంటె ముందటి బండికి నీకు నడుమ రెండు కార్ల జాగ అయ్యేదాక ఆగి, అప్పుడు బ్రేకు మీదనుంచి పూరాగ కాలు తీసి పో. ఫ్లైఓవర్ ఎత్తు మీద ఆక్సిలేటర్ తోని బండిని నిలవెట్టకు, బ్రేకు గట్టిగ తొక్కు. గట్టిగ తొక్కితె క్లచ్చు విడిపోతది, మెల్లగ తొక్కితె రాసుకుంటనే ఉంటది. ఎన్ లైన్‌కు 2023 నుంచి ఆరు గేర్ల మాన్యువల్ సుత ఉన్నది. నన్నడిగితె అదే. పోలో తీసుకుంటె 1.0 టార్క్ కన్వర్టర్ చూడు, 1.2 డీఎస్‌జీ జోలికి పోకు.

సస్పెన్షను రెండింటికి గట్టిదే. పోలో వేగంల కూసున్నట్టు కూసుంటది, ఆ ముచ్చట ఒప్పుకుంట, కింద పట్టుకొని ఊపి చూసినా గట్టిదనం తెలుస్తది. ఎన్ లైన్ స్టీరింగు ఊర్ల తేలిక. వెనక సీటు పోలోల ఇరుకు. చక్రం నుంచి చక్రానికి దానికి 2,470 మిల్లీమీటర్లు, ఐ20కి 2,580. ఆ 11 సెంటీమీటర్లు మీ అమ్మ మోకాళ్ళకు కావాలె. నాయినమ్మను దవాఖానకు తీస్కపోయినప్పుడు ఎంత కష్టమైందో నీకు యాదికున్నదో లేదో.

బ్రేకులు. ఎన్ లైన్‌కు నాలుగు చక్రాలకు డిస్కులు, ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారితె అదుపుల పెట్టే ఈఎస్‌సీ. పోలోకు వెనక డ్రమ్ములు, రెండే ఎయిర్‌బ్యాగులు. 2014ల గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే పరీక్షల సంస్థ గుద్ది చూస్తె ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు స్టార్లు వచ్చినయి. 2022ల ఐ20కి మూడే వచ్చినయి, అది రెండు ఎయిర్‌బ్యాగులున్నప్పటి లెక్క. స్టార్లను చూసి మురిసేది లేదు. రాత్రి పది దాటినంక జనగామ అవతల ఒక్కదానివే నడిపేటప్పుడు స్టార్లు పని చేయయి, హెడ్‌లైటు పని చేస్తది. నీ బండికి కుడి హెడ్‌లైటు పచ్చగ మాసింది, ఎడమది అద్దం లెక్క ఉన్నది. ఎండ రెండు దిక్కుల ఒక్క తీరే కొడ్తది గద బిడ్డా.

సరే, టైర్లకు వస్త, నా పనే అది. ఎన్ లైన్‌కు, 1.0 పోలో జీటీకి 195/55 ఆర్16. అంటె టైరు వెడల్పు 195, గోడ ఎత్తు అండ్ల 55 శాతం, 107 మిల్లీమీటర్లు. గుంతల పడితె రిమ్ముకు భూమికి నడుమ ఉన్నది ఆ నాలుగించులే. అదే 185/65 ఆర్15 వేస్తె గోడ 120 అయితది, చుట్టుకొలత దాదాపు అదే ఉంటది, మీటరు తప్పు చూపదు. కొనేముందు 15 ఇంచుల రిమ్ము ముందు బ్రేకుకు తగలకుండ తిరుగుతదా చూసుకోవాలె, అది నేను చూస్త. గాలి డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినంతే, పొద్దున చల్లగున్నప్పుడు పట్టాలె. పెట్రోల్ బంకుల పిల్లలు 40 కొడ్తరు, వద్దను. నడుమల అరిగితె గాలి ఎక్కువ, రెండంచులు అరిగితె తక్కువ, ఒక్క లోపలి అంచు రంపం పళ్ళ లెక్క అరిగితె టో, అంటె చక్రాలు ముందుకు చూసే కోణం, తప్పింది. గోడ మీద బుగ్గ లేస్తె లోపల దారాలు తెగినట్టు, దానికి అతుకు లేదు, పారెయ్యాలె.

పోయిన ఎండకాలం ఒక పిల్లగాడు వచ్చిండు. ఇట్లాంటి చిన్న వేగం బండే, పేరెందుకు గని. దానికి 17 ఇంచుల రిమ్ములు, 205/45 టైర్లు ఎక్కించుకున్నడు. గోడ 92 మిల్లీమీటర్లే మిగిలింది. "అంకుల్, స్టీరింగు ఎడమకు గుంజుతుంది, అలైన్‌మెంట్ చేయండి" అన్నడు. చక్రం బ్యాలెన్సర్ మీద తిప్పితె రిమ్ము లోపలి అంచు వంకర పోయి ఉన్నది. ఏమన్న తగిలిందా అని అడిగిన. ఏం తగల్లేదంటడు. రిమ్ము కొట్టిచ్చి, టో సరిచేసి పంపిన. పన్నెండు రోజులకు మల్ల వచ్చిండు, మల్ల అదే గుంజుడు. ఈసారి మిషన్ మీద పెడితె ఎడమ కాంబర్, అంటె చక్రం నిలువు వాలు, ఒక డిగ్రీకి పైన తప్పింది, నిన్న మొన్న ఇంత లేదు. చక్రాన్ని కిందినుంచి పట్టే లోయర్ ఆర్మ్ చూడాలె బాబూ, ఏమన్న తగిలిందా? ఏం తగల్లేదంకుల్, పని ఉంది, టో సరిచేయండి చాలు. నేను చేసి ఇచ్చిన. అది నా తప్పు, చేయకుండ ఉండాల్సింది. మూడోసారి బండి రాలే, క్రేను వచ్చింది. ఆర్మ్ బుష్, అండ్ల రబ్బరు, పూర్తిగ చీరి, చక్రం వెనక్కి జరిగి ఫెండర్ లోపల రాసుకుంటున్నది, రెండు టైర్లు లోపలి అంచుల తీగలు తేలినయి, స్ట్రట్ మౌంటు పోయింది, స్టీరింగ్ రాక్ ఆడుతున్నది. అప్పుడు వాళ్ళ నాయిన వెంట వచ్చిండు. పిల్లగాడు తల వంచుకొని ములుగు రోడ్డుల డివైడర్ అంచు ఎక్కిన ముచ్చట చెప్పిండు, మొదలు వచ్చిన రోజుకు ముందు రాత్రిదే. మొదటి రోజు ఆ ఒక్క మాట చెప్పుంటె ఒక ఆర్మ్‌తో పోయేది. వాళ్ళ నాయినకు కోపం పైసలది కాదు, నాకు కనవడ్డది. మనిషి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, పిల్లగాని భుజం పట్టుకొని చూసిండు, ఎక్కడన్న దెబ్బ ఉన్నదేమో అని.

పోలో కొనాలంటె చూసే పద్ధతి చెప్తున్న. ముందుగాల బండి అలైన్‌మెంట్ మిషన్ ఎక్కియ్యి, వెనక చక్రాల అంకెలు చూడు. ఈ బండ్లకు వెనక టార్షన్ బీమ్, రెండు చక్రాలను కలిపే ఒక్కటే దూలం, అక్కడ సరిచేయడానికి ఏం ఉండదు. అంకెలు ఎడమకు కుడికి బాగ తేడా ఉంటె వెనక నుంచి దెబ్బ తిన్నది, రంగు ఎంత మెరిసినా వదిలెయ్యి. తర్వాత సీటు బెల్టు కింద చీటీ మీద తయారైన తేది, బానెట్ కబ్జాల బోల్టుల మీద స్పానర్ గీతలు, నాలుగు టైర్ల మీద నాలుగంకెల తేది. మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. మూడు టైర్లు 1122 ఉండి ఒక్కటి 3025 ఉంటె ఆ ఒక్క దిక్కు ఏదో జరిగిందన్నట్టు. ఇంజిన్ చల్లగున్నప్పుడే స్టార్ట్ చేయించు. రివర్సుల ర్యాంపు ఎక్కిచ్చి చూడు, వణికితె వద్దు. పోలో 2022ల ఆగిపోయింది, అయినా 1.0 ఇంజిన్ కుటుంబం అదే కంపెనీ వర్టస్ బండిల ఉన్నది గనుక సామాను దొరుకుతది. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు తయారైనయి 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లు, పోలో ముందటిది. రబ్బరు పైపులు చూపిస్తుండాలె. ఇంకోటి, పోలో చక్రానికి స్టడ్లు, అంటె చక్రం తగిలిచ్చే మరల కడ్డీలు, ఉండయి, బోల్టులే. స్టెప్నీ మార్చేటప్పుడు చక్రం ఎత్తి పట్టుకొని బెజ్జం కలపాలె. చెప్పు ముందు భాగం టైరు కింద పెట్టి కాలితోని ఎత్తు, చేతులు ఖాళీ ఉంటయి. బోల్టులు నక్షత్రం లెక్క ఎదురెదురుగ 120 ఎన్ఎంకు బిగించి, 50 కిలోమీటర్లు పోయినంక మల్ల చూడాలె. చీకట్ల రోడ్డు పక్క ఒక్కదానివి ఇది చెయ్యగలవా? ఐ20కి నాలుగు నట్లే, స్టడ్డుకు తగిలిచ్చి బిగించుడే.

రెండు ఇంజిన్లూ పెట్రోలు నేరుగ సిలిండర్ల చిమ్మేటియే. వాల్వు మీద పెట్రోలు పారదు, మసి పేరుకుంటది. వారంల ఒక్కసారన్న రోడ్డు మీద బాగ తిప్పాలె. తిప్పమన్న గని ఉరికియ్యమన్లే. ఆయిలు పుస్తకంల రాసిన గ్రేడే, ఆ ట్రాఫిక్కుల నడిపేదానివి 7,500 కిలోమీటర్లకే మార్పించు. హైవే దిగంగనే ఇంజిన్ ఆపకు, ఒక నిమిషం నడువనియ్యి, టర్బోల నూనె మాడుతది. మైలేజి ఊర్ల పదకొండు పన్నెండంటె మంచిగున్నట్టే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న బండ్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది, ఎన్ లైన్‌కు అది కలిసొస్తది. నా లెక్కల ఎన్ లైన్ మాన్యువల్. పోలో మనసుకు నచ్చుతది, నాకూ నచ్చుతది, అయినా రెండు ఎయిర్‌బ్యాగుల బండిల నిన్ను ఊహించుకోబుద్ధి అయితలేదు.

మరిచిపోయిన అని మీద రాసింది అబద్ధం. నువ్వు, మీ అమ్మ గుడికి పోయినప్పుడు నేను ఆ చక్రం ఇప్పిన. ఇప్పొద్దు ఇప్పొద్దు అనుకుంటనే ఇప్పిన. ఫెండర్ లోపలి ప్లాస్టిక్ అంచుల వడ్లు ఇరుక్కున్నయి, నిండు గింజలు, అండ్ల నాలుగైదు మొలకలొచ్చినయి. తుఫానుకు తడిసిన వడ్లు రైతులు రోడ్డు మీద పోసి, నల్ల కవరు కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టిండ్రు గద, రాత్రి ఆ నల్ల కవరు రోడ్డుల కలిసిపోతది. టేపు పెట్టి కొలిస్తె ఎడమ చక్రం 8 మిల్లీమీటర్లు వెనక్కున్నది. బుష్ చీరింది, తెగలే. నువ్వు గుడి నుంచి వచ్చేసరికి ఇంటినిండ చుట్టాలు, తెల్లారి నేను లేచేసరికి బండి లేదు. ఆ రాత్రే నోరు తెరవాల్సింది నేను. మీ అమ్మకు చెప్పలే. నీకు దెబ్బ తగిలిందా? మెడ నొప్పి అని సాయిగానితో ఎందుకన్నవ్? ఎక్స్‌రే తీయించినవా, అది ముందు రాయి. ఆ రాశి ఎవరిదో తెలిస్తె చెప్పు, ఆ రైతును నేను పోయి కలుస్త.

అప్పటిదాక తెల్ల బండిని అమ్మకు, 50 దాటియ్యకు, గట్టిగ బ్రేకు కొట్టకు. రావాలంటె పగటిపూటనే రా, వడ్ల కోతలైపోయినయి గని రాళ్ళు ఇంకా అక్కడక్కడ ఉన్నయి. నీకు భయమైతె సాయిగాడు నడుపుకుంట తెస్తడు, నువ్వు పక్కన కూసో. ఆదివారం లిఫ్టు ఖాళీ పెట్టిన, ఎవరికీ టైమ్ ఇవ్వలే. లోయర్ ఆర్మ్ తెప్పించిన, బుష్‌లతో సహ. ఎడమది ఒక్కటి మారిస్తె పాత బుష్ ఒక తీరు కొత్తది ఒక తీరు గుంజుతది, అందుకని కుడిది సుత తెప్పించిన. షాపుల నా టేబుల్ కిందనే ఉన్నయి రెండూ.

మీ బాపు