డిశ్చార్జ్ సమ్మరీలో కల్చర్ రిపోర్టు కూడా రాయాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

గుంటూరు కొత్తపేటలోనో, బెజవాడ సూర్యారావుపేటలోనో ఒక ఆసుపత్రి ఐసీయూలో కొన్నాళ్లు ఉండి, జ్వరం తగ్గకో, డబ్బులు చాలకో ఇంకో ఆసుపత్రికి మారే పేషెంట్లు ఎంతమందో. వాళ్లతో పాటు స్కాన్లు వెళ్తాయి, బిల్లులు వెళ్తాయి, కానీ ఒంట్లో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉందన్న సంగతి మాత్రం చాలాసార్లు వెళ్లదు. నేను రాసేది దాని గురించే.

మా మేనత్తకి షుగర్ ఉంది. పక్షవాతం వచ్చి వెంటిలేటర్ మీద పెట్టారు, మూత్రానికి గొట్టం వేశారు, మెడ దగ్గర రక్తనాళంలోకి సెంట్రల్ లైన్ అనే గొట్టం పెట్టారు. తర్వాత జ్వరం పట్టుకుని వదల్లేదు, దాంతో వేరే చోటికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరుగారు మొదట అడిగింది పాత కల్చర్ రిపోర్టు ఉందా అని. కల్చర్ అంటే రక్తం, మూత్రం లాంటివి తీసి అందులో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష. పాత ఆసుపత్రి వాళ్లు ఇచ్చి పంపిన డిశ్చార్జ్ సమ్మరీ కాగితంలో "సెప్సిస్, హయ్యర్ యాంటీబయాటిక్స్ ఇచ్చాం" అని ఒక్క లైను, అంతే. ఏ బ్యాక్టీరియా, ఏ మందు పనిచేస్తుంది, ఏది చేయదు, ఏమీ లేదు. మళ్లీ కల్చర్‌కి పంపారు. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది కదా, ఈలోపు అందాజాగా ఎక్కించిన మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్, అత్త ఒంట్లో ఉన్న క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా మీద పనిచేయలేదని తర్వాత తేలింది. చివరికి కొలిస్టిన్ ఇచ్చారు, అది కిడ్నీలకు ముప్పు తెచ్చే మందని ముందే చెప్పారు, అన్నట్టుగానే కొన్నాళ్లు డయాలిసిస్ చేయాల్సి వచ్చింది. అత్త బతికింది, కానీ అప్పటి మనిషి కాదు.

ఇలాంటి ఇన్ఫెక్షన్లు ఎవరికి ఎక్కువగా వస్తాయో డాక్టర్లకు తెలియని సంగతేం కాదు. ఐసీయూలో ఎక్కువ రోజులున్నవాళ్లు, వెంటిలేటరూ గొట్టాలూ ఉన్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, షుగర్, డయాలిసిస్ పేషెంట్లు, అంతకుముందే యాంటీబయాటిక్స్ బాగా వాడినవాళ్లు, ఇంకో ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు. ఈ చివరి మాటే నాకు ముఖ్యం. అసినెటోబాక్టర్ లాంటి బ్యాక్టీరియాలు పొడిగా ఉన్న మంచం కమ్మీ మీద కూడా వారాల తరబడి బతుకుతాయి. వచ్చిన పేషెంటు సంగతి మొదటి రోజే తెలిస్తే విడిగా ఉంచొచ్చు, చేతుల శుభ్రత విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండొచ్చు. తెలియకపోతే పక్క మంచానికి పాకుతుంది, పాపం ఆ పక్క మంచం వాళ్లకి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియదు.

2019లో ఒక్క ఏడాదే మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా దాదాపు 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రపంచ స్థాయి అంచనా. బతికినవాళ్లకి ఐసీయూ రోజులు పెరుగుతాయి, అప్పులు పెరుగుతాయి.

ఇలాంటి బ్యాక్టీరియా పెరగడంలో మెడికల్ షాపుల సంగతీ ఉంది. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్ షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉన్నాయి, చీటీ చూసి, డాక్టరు పేరు, పేషెంటు పేరు రిజిస్టర్లో రాసి ఇవ్వాలని 2014 మార్చి నుంచి నిబంధన. మన వీధుల్లో అది ఎంతవరకు నడుస్తోందో మీ పాఠకులందరికీ తెలుసు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆ రిజిస్టర్లు తెరిచి చూడాలి.

కానీ నేను అడిగే పనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. పేషెంటు తరఫువాళ్లు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. అడగాలని తెలియక అడగం, అంతే. ఆ భారం మన మీద వదలకుండా, ఏ బ్యాక్టీరియా పెరిగింది, ఏ మందుకు లొంగింది, ఏ మందు ఎన్ని రోజులు ఇచ్చారు అన్నది డిశ్చార్జ్ సమ్మరీలోనే రాసేలా ఆరోగ్య శాఖ ఆదేశాలివ్వాలి. ఎన్టీఆర్ వైద్య సేవ బిల్లులకు జతచేసే కాగితాల్లో, కల్చర్ చేసిన ప్రతి కేసులో ఆ రిపోర్టు తప్పనిసరి చేస్తే ఆసుపత్రులు వాటంతట అవే దారికొస్తాయి.

ఇప్పుడు ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుని ఇది చదువుతున్నవాళ్లుంటే, పేషెంటును మార్చేముందు కల్చర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు