ఆదివారం పొద్దున మన బడి వీధి పిల్లలది

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా బడి ముందు వీధిలో వాహనాలు ఆపించాలని అనుకుంటున్నాం. అనుమతి కోసం అర్జీ పెట్టాం. కాగితం మీద అనుమతి వచ్చినా మీరు తోడు లేకపోతే ఇది నాలుగు వారాలు కూడా సాగదు. అందుకే ఈ ఉత్తరం.

మన ఆవరణలో సైకిలు నేర్చుకునే పిల్లల్ని చూడండి. బ్యాలెన్సు అప్పుడే కుదురుతుంటుంది, ఇంతలో ప్రహరీ గోడ వచ్చేస్తుంది. బ్రేకు వేసి, కాలు కింద పెట్టి, హ్యాండిలు తిప్పుకుని మళ్లీ మొదటి నుంచి తొక్కాలి. ఊపు అందుకునేంత చోటే లేదు వాళ్లకు. గేటు బయట అంత పొడుగు వీధి ఉంది, కానీ అక్కడికి పంపాలంటే మీకూ భయమే, మాకూ భయమే. ఆ భయంలో తప్పేమీ లేదు. అందుకే కాసేపు బళ్లనే పక్కకు తప్పిద్దాం అంటున్నాను.

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్లు కదిలేలా, ఊపిరి వేగం పెరిగేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ 146 దేశాల లెక్కలు తీస్తే, 2016 నాటికి 11–17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి ఆ మాత్రం ఆట కూడా లేదు. ఆడపిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ, 85 శాతం. పై తరగతులకు వచ్చేసరికి అమ్మాయిలు గ్రౌండు అంచున కూర్చుండిపోవడం చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. వారానికి రెండు మూడు పీటీ పీరియడ్లతో ఈ లోటు తీరదు.

కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఈ పద్ధతి ఉంది. ఆదివారాలూ సెలవు రోజుల్లో ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు వరకు వంద కిలోమీటర్లకు పైగా రోడ్లు నడిచేవాళ్లవి, సైకిళ్లవాళ్లవి. కూడళ్ల దగ్గర మనుషులు నిలబడి, జనాన్ని కాసేపు ఆపి, అడ్డంగా వెళ్లే వాహనాలను దాటిస్తారు. అంత పెద్ద నగరం అన్నేళ్లుగా నడుపుతున్నప్పుడు ఒక్క వీధి మనకు కష్టం కాదు.

వీధిలో ఇళ్లున్నవాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. ఎవరైనా బండి బయటకు తీయాల్సి వస్తే మన వాలంటీరు ముందు నడుస్తూ, పిల్లల్ని పక్కకు జరుపుతూ, నడక వేగంతో చివరిదాకా తీసుకెళ్తారు. బారికేడ్లు చేత్తో జరిపేవే పెడతాం. అంబులెన్సు వస్తే క్షణంలో దారి ఇవ్వాలి, ఇందులో రాజీ లేదు.

మిమ్మల్ని అడిగేది: దగ్గర్లో ఉన్నవాళ్లు నడిచి రండి. బండి తప్పనిసరైతే పక్క వీధిలో వాళ్ల గుమ్మాలకు అడ్డంగా పెట్టకండి. తాతయ్యలనూ అమ్మమ్మలనూ వెంట తీసుకురండి, కుర్చీలు బడి నుంచి వేయిస్తాం. పిల్లలకు ఏ ఆట ఆడాలో చెప్పకండి, వాళ్లే తేల్చుకుంటారు. వీలైతే మీరూ ఆడండి.

వీధి రెండు చివర్లలో గంట చొప్పున నిలబడగలిగేవాళ్లు ఈ శుక్రవారంలోగా మీ పేరు క్లాస్ టీచరుకు ఇవ్వండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు కూడా పెద్దవాళ్ల తోడుతో నిలబడవచ్చు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు