బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకోమని ఎలా రాశారు?

సంపాదకుడి గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో చలి మీద వచ్చిన వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే రాయాల్సింది. పండగ పనులు, ఇంటికొచ్చిన పిల్లలు, ఆ హడావిడంతా అయ్యి ఇవాళ్టికి కుదిరింది. ఆలస్యమైందని ఊరుకునే విషయం కాదిది.

రేకుల క్యాబిన్‌లో తలుపు దగ్గరికేసుకుని, కాళ్ల ముందు ఇనుప బొచ్చెలో నిప్పులు పెట్టుకుని కూర్చున్న వాచ్‌మన్ ఫొటో వేశారు. ఆ మనిషి అవస్థ నలుగురికీ తెలిసింది, సంతోషం. కానీ చిన్న గదిని చవగ్గా వెచ్చబెట్టుకునే ఉపాయాలంటూ కింద ఇచ్చిన వాటిలో మొదటిదేమిటి? పొగ రాని బొగ్గులు తెచ్చి కుంపటి లోపల పెట్టుకుని, కిటికీ మూసుకోమని! ఇది రాసిందెవరు? చదివి అచ్చుకు పంపిందెవరు? ఊళ్లో ఉన్న డాక్టర్లలో ఒక్కరినైనా అడిగారా?

నాకింత కోపం ఎందుకంటే, మా తమ్ముడు ఆ పనే చేసి చావు దాకా పోయొచ్చాడు. ఉదయగిరి వైపు ఒక గోడౌన్‌కి రాత్రి కాపలా చేస్తాడు. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు రేకుల డబ్బా వాడి క్యాబిన్. కిందటేడు పుష్యమాసంలో ఒక రాత్రి, టీ బంకు దగ్గర మిగిలిన సర్కారు తుమ్మ బొగ్గుల నిప్పులు తెచ్చి లోపల పెట్టుకున్నాడు. గాలి రాకుండా తలుపు కింద గోనెపట్టా కుక్కాడు. తెల్లవారుజామున లారీ వచ్చి ఎంత హారన్ కొట్టినా గేటు తీసే మనిషి లేడు. డ్రైవరు గోడ దూకి, క్యాబిన్ తలుపు తోసి, బయటికి ఈడ్చాడు. 108 వచ్చింది, ఆక్సిజన్ పెట్టారు, బతికాడు. మేం ఆసుపత్రికి పోయేసరికి, "అన్నా, తల పగిలిపోతా ఉంటే లేద్దామనుకున్నా, కాళ్లు రాలా" అన్నాడు. తలనొప్పి తెలిసింది, వాంతి వచ్చేట్టుందని తెలిసింది, చేతికందే దూరంలో తలుపుంది. అయినా లేవలేకపోయాడు.

బొగ్గు కణకణలాడుతుంటే పొగ కనపడదు, అందుకే ప్రమాదం లేదనుకుంటారు. గాలి చాలక నిప్పు సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందని డాక్టరుగారు మాకు విడమరిచి చెప్పారు. పక్కన గిన్నెలో నీళ్లు పెడితే గాలి శుద్ధి అవుతుందని కొందరంటారు, అదీ తప్పే. ఆ వాయువుని నీళ్లు పీల్చుకోవు. కిటికీ పక్కన జనరేటర్ నడిపినా ఇదే ముప్పు.

మా తమ్ముడు నిప్పు సంగతి తెలియని మనిషీ కాదు. కలిగిరి చుట్టుపక్కల ఇరవై ఏళ్లు పొగాకు బ్యారన్‌లు, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే గదులు, కాల్చాడు. ఆకు పసుపు రంగుకి పండటానికి 90, 100 డిగ్రీల ఫారన్‌హీట్‌తో మొదలుపెట్టి, ఈనె ఎండటానికి 160 దాకా తీసుకుపోవాలి. అర్ధరాత్రి లేచి టార్చిలైటు వేసి థర్మామీటరు చూసి, కట్టె ఎగదోసి పడుకునేవాడు. ఆ బ్యారన్‌లో పొయ్యి నోరు బయటుంటుంది. వేడి పొగ ఇనుప గొట్టాల్లో గదంతా తిరిగి చిమ్నీలోంచి పైకి పోతుంది. వేడి లోపల, పొగ బయట. పొగాకు పండించే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ సంగతి తెలియని రైతు లేడు. ఆకు మీదికి పొగ రాకుండా అన్ని గొట్టాలు బిగిస్తామే, మనిషి పడుకునే గదిలో నిప్పుల బొచ్చె పెట్టుకోమంటే ఎట్లా?

ఇక చవగ్గా వెచ్చదనం ఎట్లా అన్నది. గోడౌన్ వాళ్లు ఏమీ చేయరని తేలిపోయాక, ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే నేనూ మా అబ్బాయీ పోయి ఆ క్యాబిన్ బాగుచేశాం. పైన ఒంటి రేకు. తెల్లవారుజామున మూడింటికి అది ఐసు ముక్కలాగా ఉంటుంది. మనిషి ఊపిరి తేమ దానికి పట్టి, చుక్కలు చుక్కలుగా దుప్పటి మీద రాలుతుంది. నేను ఒక రాత్రి అక్కడ పడుకుని చూశాను, తెల్లారేసరికి దుప్పటి తడిసింది. అందుకని రేకు మీద తాటాకు కప్పించాం. లోపల రేకుకి జానెడు కింద పాత ఫ్లెక్సీ లాగి కట్టాం. ఎన్నికలు అయిపోయాక ఫ్లెక్సీలకేం కరువు! మధ్యలో నిలిచిన గాలే చలికి అడ్డం. గోడలకి థర్మాకోల్ షీట్లు కొట్టి, వాటి మీద గోనెపట్టాలు బిగించాం. థర్మాకోల్ అంటుకుంటే పొగ విషం, కాబట్టి ఇక లోపల బీడీ కూడా వద్దని ఒట్టు వేయించుకున్నాను. తలుపు కింద రెండు వేళ్ల సందు, పైన ఒక చిన్న కంత మాత్రం మూయలేదు. ఎంత చలైనా గాలి ఆడాలి.

వాడి నవారు మంచానికి కింద నుంచే చలి ఎక్కుతుంది. పైన రెండు దుప్పట్లు కప్పుకునేకంటే ఒక బొంత కింద పరుచుకోవడం మేలు. రాత్రి పదింటికి కెటిల్‌లో రెండు లీటర్ల నీళ్లు కాచి, కాస్త చల్లారనిచ్చి, రబ్బరు సంచిలో పోసి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటాడు. దానికి పావు యూనిట్ కరెంటు కూడా కాలదు. మీరు రాసిన ఉపాయాల్లోని 2000 వాట్ల హీటరు గంటకి 2 యూనిట్లు తాగుతుంది, పది గంటలకి 20. పైగా దాన్ని తీసుకుపోయి లైటుకి పెట్టిన 5 ఆంపుల సాకెట్‌లో గుచ్చితే వైరు కాలుతుంది, దానికి 15 ఆంపుల ప్లగ్గు కావాలి. ఈ ముక్క కూడా మీరు రాయలేదు.

ఇదంతా వాచ్‌మన్ ఇంటివాళ్లు చేసుకోవాల్సిన పనా? కోళ్లఫారంలో కొత్త పిల్లలు దిగితే చుట్టూ పరదాలు కట్టి, బల్బులు వేసి, వేడి సరిపోయిందా లేదా అని రాత్రంతా చూసుకుంటారు. పిల్లలు గుంపుగా ముడుచుకుంటే చలేసిందని గుర్తుపట్టి బల్బు కిందికి దింపుతారు. మనిషి ముడుచుకుంటే గుర్తుపట్టేవాళ్లు లేరు. చెక్‌పోస్టుల దగ్గర, రోడ్డు పనుల దగ్గర, మార్కెట్ యార్డుల దగ్గర నేను చూసిన ఏ క్యాబిన్‌కీ లోపల సీలింగ్ లేదు. రంగు ఉంటుంది, బోర్డు ఉంటుంది, బోర్డు మీద పేర్లు ఉంటాయి. ఈ సంగతి ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే, నెల్లూరుకి చలేంటండీ అన్నారు. వారు ఒక్క రాత్రి ఉదయగిరి కొండ కింద రేకుల డబ్బాలో పడుకుని చూడాలి. మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయని పెద్దలు ఊరికే అనలేదు. డిసెంబరు దాకా పడిన వానలకి నేలంతా చెమ్మ పట్టి ఉంటుంది, ఆపైన కొండగాలి. దుప్పట్ల పంపిణీ ఫొటోలు మాత్రం ప్రతి సంవత్సరం మీ పేపర్లోనే చూస్తున్నాం.

పేపర్ల తీరు కూడా మారిపోయింది. భోగి మంటల్లో టైర్లు తగలబెడుతున్న ఫొటో వేసి సంప్రదాయం అని రాశారు మొన్న. మా చిన్నప్పుడు పేపర్లో వచ్చిందంటే ఊళ్లో అందరూ నమ్మేవాళ్లు. ఇప్పటికీ నమ్మేవాళ్లు ఉన్నారు, నా భయమంతా అదే. మీ ఉపాయాలు కత్తిరించి గోడకి అంటించుకున్న వాచ్‌మన్‌ని మా మండలంలోనే చూశాను. చింపేసి, ఇదంతా చెప్పి వచ్చాను.

ఆ వార్త వేసిన పేజీలోనే, అంతే సైజులో, మూసిన గదిలో నిప్పులు పెట్టుకోవద్దని వేయండి. మూలన చిన్న అక్షరాల్లో సవరణ వేస్తే ఎవరూ చదవరు. ఇంకొక మాట. ఆ ఫొటోలోని మనిషి ఎక్కడివాడో మీ విలేకరికి తెలిసే ఉంటుంది. చీకటి పడేలోపు ఆయనకి ఒక ఫోన్ చేయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా