టుటన్‌ఖామున్‌ను చంపారని రాసే ముందు

సంపాదకుడు గారికి,

నమస్కారం. గిజా పిరమిడ్ల దగ్గర కొత్త మ్యూజియం 2025 నవంబరు 1న తెరుచుకున్నప్పటి నుంచి మన పత్రికల ఆదివారం సంచికల్లో, పిల్లల పేజీల్లో ఈజిప్టు ఫారోల, అంటే అక్కడి ప్రాచీన రాజుల, కథనాలు ఎక్కువయ్యాయి. నేను ఏజెన్సీ ప్రాంతంలోని ఒక హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా పిల్లలు ఫారోల పేర్లు పాఠంలో కంటే ముందు పత్రికలోనే చదువుతున్నారు కాబట్టి ఈ కథనాలు రావడం నాకు సంతోషమే. నా బాధల్లా వాటిలో ఏముంటోంది అన్నదే. టుటన్‌ఖామున్‌ను తల మీద కొట్టి చంపారని, అతని సమాధి తెరిచినవాళ్లంతా శాపం తగిలి పోయారని మీ పత్రికతో సహా దాదాపు అందరూ రాస్తున్నారు. మొదటి మాట వీగిపోయి ఇరవై ఏళ్లయింది. రెండోది ఏనాడూ నిలబడలేదు.

హత్య అనే ఊహ ఎక్కడ మొదలైందో చూడండి. 1968లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం నుంచి హారిసన్ అనే ఆచార్యుడి బృందం ఎక్స్‌రే యంత్రాన్ని లక్సర్‌లోని సమాధికే తీసుకెళ్లి మమ్మీని ఫొటోలు తీసింది. పుర్రె లోపల చిన్న చిన్న ఎముక ముక్కలు కనిపించాయి. పుర్రె వెనక భాగంలో ఒకచోట ఏదో తేడా ఉన్నట్టు అనిపించింది. అంతే, వెనక నుంచి ఎవరో కొట్టి ఉంటారన్న మాట పుట్టింది. చనిపోయిన రాజుకు పందొమ్మిదేళ్లు. బతికి ఉన్న బిడ్డలు లేరు. తర్వాత గద్దె ఎక్కిందేమో ఆయ్ అనే ముసలి అధికారి. హత్య కథకు ఇంతకంటే ఏం కావాలి?

2005 జనవరిలో అదే మమ్మీకి సీటీ స్కాన్ తీశారు. దాదాపు 1,700 చిత్రాలు వచ్చాయి. బతికుండగా తగిలిన దెబ్బకే ఆ ముక్కలు రాలి ఉంటే, మమ్మీ చేసేటప్పుడు పుర్రెలో పోసిన జిగురులో అవి అతుక్కుపోయి ఉండాలి. అవి విడిగా ఉన్నాయి. అంటే ప్రాణం పోయిన తర్వాత, మమ్మీ చేసేటప్పుడో, 1925లో, ఆ సమాధిని కనిపెట్టిన హోవార్డ్ కార్టర్ బృందం కట్లు విప్పినప్పుడో ఊడినవి. తలకు దెబ్బ తగిలిన జాడే లేదని స్కాన్ తీసిన బృందం తేల్చి చెప్పింది. ఎడమ తొడ ఎముక మాత్రం మోకాలి పైన విరిగి ఉంది. అది చనిపోయే ముందు తగిలిన గాయమా కాదా అన్నదాని మీద బృందంలోనే ఒక్క మాట లేదు. 2010లో డీఎన్‌ఏ పరీక్షలు జరిగాయి. ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా ఆనవాళ్లు దొరికాయి. ఎడమ పాదంలో ఎముక చచ్చుబడిన జబ్బు కూడా ఉందన్నారు. సమాధిలో 130 దాకా చేతికర్రలు ఎందుకున్నాయో దానితో కొంత అర్థమైంది. అదే ఏడాది జర్మనీ పరిశోధకులు, అది సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు అయ్యుండొచ్చు కదా అని అడిగారు.

ఈ ముక్క క్లాసులో చెప్పిన రోజు ఎన్ని చేతులు లేచాయో! మా ఊళ్లలో మలేరియా అంటే తెలియని ఇల్లు లేదు. సికిల్ సెల్ పరీక్ష కార్డులు మా పిల్లల సంచుల్లోనే ఉంటాయి. మూడు వేల ఏళ్ల కిందటి రాజుకీ తమకీ ఒకే జబ్బా అని వాళ్లు అడిగిన ప్రశ్నలు నేను ఏ హంతకుడి కథ చెప్పినా వచ్చేవి కావు. సికిల్ సెల్ ఇంకా నిరూపణ కాలేదని చెప్పాను. నిరూపించాలంటే ఏ పరీక్ష చేయాలి టీచర్ అని ఒక పిల్ల వెంటనే అడిగింది. సరిగ్గా ఇలాంటి ప్రశ్న రానీయకుండా చేస్తున్నాయి మన కథనాలు.

వారసత్వం సంగతికొస్తే, ఆయ్ మీద అనుమానానికి చోటుందని నేనూ ఒప్పుకుంటాను. సమాధి ఉత్తరపు గోడ మీద ఒక బొమ్మ ఉంది. చిరుతపులి చర్మం కప్పుకుని, రాజులు పెట్టుకునే నీలి కిరీటంతో ఆయ్ నిలబడి, చనిపోయిన రాజు నోటి దగ్గర బాడిస లాంటి పనిముట్టు పట్టుకుని ఉంటాడు. పోయినవాడు పరలోకంలో తినడానికి, మాట్లాడటానికి నోరు తెరిచే కర్మ అది. మన దగ్గర తలకొరివి పెట్టినట్టు, అక్కడ ఆ కర్మ వారసుడు చేయాలి. కొడుకు లేడు. ఆడశిశువుల చిన్న మమ్మీలు రెండు అదే సమాధిలో దొరికాయి. పుట్టకముందే పోయిన బిడ్డలు. సైన్యాధిపతి హోరెంహెబ్ ఉండగా ఆయ్ ఆ కర్మ చేసి, గోడ మీద తన బొమ్మ వేయించుకుని, నాలుగేళ్లు పాలించాడు. ఆ తర్వాత హోరెంహెబే రాజయ్యాడు.

దీనికి తోడు, ఇప్పటి టర్కీలో ఉండిన హిట్టైట్లు అనే ప్రాచీన జాతి రాజధానిలో దొరికిన మట్టి పలకల్లో ఒక ఈజిప్టు రాణి ఉత్తరం ప్రస్తావన ఉంది. నా భర్త పోయాడు, కొడుకు లేడు, మీ కొడుకుల్లో ఒకణ్ణి పంపితే పెళ్లి చేసుకుని రాజును చేస్తాను, నా సేవకుణ్ణి మాత్రం చేసుకోను అని ఆమె శత్రురాజు సుప్పిలులియుమకు రాసింది. ఆయన మొదట నమ్మలేదు. విచారించుకుని, చివరికి జన్నంజా అనే కొడుకును పంపాడు. ఆ కుర్రవాడు ప్రాణాలతో గద్దె దాకా చేరలేదు. ఆ రాణి టుటన్‌ఖామున్ భార్య అంఖెసెనామున్ అని ఎక్కువమంది అంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. భర్త పోయిన ఆ పిల్ల ఎంత భయంలో ఉందో ఆ ఉత్తరంలో తెలుస్తుంది. కానీ గద్దె కోసం తగువు ఉందంటే రాజును చంపారని రుజువైనట్టు కాదు. లాభం ఎవరికో చూసి హంతకుడు ఫలానా అని తేల్చేయడం పోలీసులు చేస్తే మీరే సంపాదకీయం రాస్తారు.

నిజంగా హత్య జరిగిన ఫారో ఉన్నాడు, ఆయన గురించి రాయండి. మూడవ రామ్సెస్, క్రీ.పూ. 1155 ప్రాంతంలో, ముప్పై ఏళ్లకు పైగా పాలించి పోయినవాడు. టియె అనే రాణి తన కొడుకు పెంటావెరెట్‌ను రాజును చేయాలని అంతఃపురంలో కుట్ర పన్నింది. వంటశాల సిబ్బంది దగ్గర్నుంచి సైన్యాధికారుల దాకా అందులో ఉన్నారు. విచారణ రికార్డు ఇటలీలోని ట్యూరిన్‌లో పపైరస్ మీద ఇప్పటికీ ఉంది. నిందితులైన ఆడవాళ్లతో కలిసి విందు చేసుకున్నందుకు న్యాయమూర్తుల్లోనే కొందరికి ముక్కు చెవులు కోశారు. అయినా రాజు ఆ దాడిలోనే పోయాడా, తర్వాత పోయాడా అన్నది ఆ రికార్డు సూటిగా చెప్పదు. మమ్మీ మెడ చుట్టూ మందంగా గుడ్డ చుట్టి ఉంది. 1886లో కట్లు విప్పినప్పుడు కూడా దాన్ని తీయలేదు. 2012లో సీటీ స్కాన్ ఫలితాలు వచ్చాయి. ఆ గుడ్డ కింద గొంతు ఎముక దాకా కోసి ఉంది. గాయం వెడల్పు దాదాపు ఏడు సెంటీమీటర్లు. గాయంలో హోరస్ అనే దేవుడి కన్ను ఆకారపు తాయెత్తు ఉంది. పరలోకంలోనైనా మానాలని మమ్మీ చేసినవాళ్లు పెట్టారు. ఇంతా చేసి కుట్ర ఫలించలేదు, యువరాజే నాలుగవ రామ్సెస్‌గా గద్దె ఎక్కాడు. అనుమానం రావడం, సాక్ష్యం కోసం వందేళ్లకు పైగా ఆగడం, చివరికి అది దొరకడం అన్నీ ఈ ఒక్క కథలోనే ఉన్నాయి. మా పిల్లల్లో ఒక్కరికీ ఈ రాజు పేరు తెలియదు.

ఇక శాపం. దీన్ని పెంచింది మీ వృత్తివాళ్లే కాబట్టి గట్టిగా చెబుతున్నాను. తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నర్వన్ 1923 జనవరిలో వార్తల హక్కులన్నీ లండన్ టైమ్స్ పత్రికకు 5,000 పౌండ్లకు అమ్మేశాడు. మిగతా విలేకరులకు సమాధి దగ్గర వార్త లేకుండా పోయింది. ఏప్రిల్ 5న ఆయన దోమకాటు గాయం చీము పట్టి, జ్వరం ముదిరి కైరోలో పోయాడు. వార్త దొరకనివాళ్లకు శాపం కథ దొరికింది. సమాధిలో అందరికంటే ఎక్కువ కాలం గడిపిన కార్టర్ 1939 దాకా బతికాడు. సమాధితో సంబంధమున్న 25 మంది పాశ్చాత్యుల లెక్క తీసి 2002లో ఒక వైద్య పత్రికలో వేశారు. వాళ్లు సగటున 70 ఏళ్లు బతికారు.

శాపం కథ వల్ల ఎవరికి నష్టం అనకండి. 2021 మార్చిలో ఈజిప్టులోని సొహాగ్ దగ్గర రైళ్లు ఢీకొని మనుషులు పోయారు. అప్పుడు 22 రాజ మమ్మీలను కొత్త మ్యూజియానికి తరలించే ఏర్పాట్లు జరుగుతుండటంతో, ఇదంతా ఫారోల శాపమని సోషల్ మీడియా హోరెత్తింది. రైళ్లలో ఆటోమేటిక్ నియంత్రణ వ్యవస్థ ఆపేసి ఉందని ఆ తర్వాత అక్కడి ప్రాసిక్యూటర్లు చెప్పారు. శాపమని సరిపెట్టుకుంటే దాన్ని ఆపేసినవాణ్ణి అడిగేవాడు ఉండడు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోనూ ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. విహారయాత్రకు తీసుకెళ్తే పిల్లలు అద్దం దగ్గరికి వెళ్లడానికే జంకుతారు. ఆ మమ్మీ ఒకప్పుడు బతికిన మనిషి అన్న ఆలోచన వాళ్లకు రావడానికి చాలాసేపు పడుతుంది.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఏదైనా సిద్ధాంతం వేసినప్పుడు అది ఏ సంవత్సరం నాటిదో, తర్వాత దాని సంగతి ఏమైందో రెండు వాక్యాలు కలపండి. "హత్యే" అని శీర్షిక పెట్టే ముందు ఆధారం ఏమిటని రాసినవారిని అడగండి. టుటన్‌ఖామున్ కథనం వేసిన పిల్లల పేజీలోనే 2005 స్కాన్ ఫలితాన్ని వివరణగా వేయండి, వీలైతే పక్కనే మూడవ రామ్సెస్ గురించి కూడా. ఆ పేజీని మా తరగతి గోడకు అంటిస్తాను. పాతది ఇంకా అక్కడే ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు