కొలెస్ట్రాల్ స్మూతీల గురించి రాసేటప్పుడు ఉద్దానాన్ని మరవవద్దు

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక ఆరోగ్య పేజీలో కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్మూతీల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పండ్లు, ఆకుకూరలు, ఓట్స్, గింజలు కలిపి మిక్సీలో తిప్పుకొని ఉదయాన్నే తాగే అలవాటు ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వంటి ఊళ్లలోనూ కనిపిస్తోంది కాబట్టి ఇటువంటి వ్యాసం అవసరమే. అయితే అందులో ఏ పదార్థం ఎంత వేయాలన్న పాళ్లు లేవు. ఎవరు తాగకూడదన్న మాట అసలే లేదు. పాళ్లు తెలియకపోతే తాగిన ఫలితం దక్కదు, అంతవరకే నష్టం. రెండో విషయం చెప్పకపోతే మాత్రం, ముఖ్యంగా కిడ్నీ జబ్బు విపరీతంగా ఉన్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కొందరి ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ముందుగా ఒక మాట. స్మూతీ కొవ్వును కరిగిస్తుందని చాలామంది అనుకుంటున్నారు, మీ వ్యాసంలోనూ ఆ ధోరణే ఉంది. రక్తనాళాల్లో పేరుకున్నదాన్ని ఏ పానీయమూ కడిగివేయలేదు. నిజంగా జరిగేది వేరు. కాలేయం కొలెస్ట్రాల్‌ను ఉపయోగించి పైత్యరసంలోని ఆమ్లాలను తయారు చేసి పేగులోకి పంపుతుంది; తిన్న కొవ్వును జీర్ణం చేసే పని ముగిశాక వాటిలో ఎక్కువ భాగాన్ని చిన్నపేగు చివరి భాగం పీల్చుకొని మళ్లీ కాలేయానికే చేరుస్తుంది. ఓట్స్‌లోను, బార్లీలోను ఉండే బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు నీళ్లలో నాని జిగురుగా మారి, ఆ ఆమ్లాల్లో కొంత భాగాన్ని తిరిగి వెళ్లనివ్వకుండా పట్టి ఉంచి, మలంతో బయటికి తీసుకుపోతుంది. పోయినదాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్ అని పిలిచేదాన్ని, లోపలికి తీసుకుంటుంది, రక్తపరీక్షలో అంకె కొంత తగ్గుతుంది.

ఆ కొంత ఎంత అన్నదే అసలు విషయం. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కడుపులోకి వెళ్తే ఎల్‌డీఎల్ సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఓట్స్ ప్యాకెట్ల మీద గుండెకు సంబంధించిన ప్రకటన వేసుకోవడానికి అనుమతించినప్పుడు పెట్టిన కొలత కూడా ఈ 3 గ్రాములే. అంత పీచు రావాలంటే ఇంచుమించు 75 గ్రాముల ఓట్స్, అంటే దాదాపు ఒక కప్పు నిండా కావాలి. మీ వ్యాసంలో చెప్పినట్లు రెండు చెంచాలు చల్లితే అందులో పావు వంతు కూడా రాదు. ఒకవేళ కొలత ప్రకారం రోజూ తిన్నా, ఎల్‌డీఎల్ 160 ఉన్నవారికి అది 150 దరిదాపులకు వస్తుంది తప్ప 100కు దిగదు. డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రలు మోతాదును బట్టి 30 నుంచి 50 శాతం వరకు తగ్గిస్తాయి. కాబట్టి స్మూతీ మొదలుపెట్టామన్న ధైర్యంతో మాత్రలు మానేయడం, ముఖ్యంగా ఒకసారి గుండెపోటు వచ్చినవారు మానేయడం, చాలా పొరపాటు. ఆహారంతో పెద్ద మార్పు రాదని కాదు. టొరంటోలో పోషకాహార పరిశోధకుడు డేవిడ్ జెంకిన్స్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో జిగురు పీచు, సోయా ప్రొటీన్, బాదం, మొక్కల నుంచి వచ్చే స్టెరాల్స్ అనే కొవ్వులాంటి పదార్థాలు అన్నీ కలిపిన భోజనంతో నెల రోజుల్లో ఎల్‌డీఎల్ 28 శాతానికి పైగా తగ్గింది. కానీ అది రోజంతా తినే తిండిని మార్చడం వల్ల వచ్చిన ఫలితం; మిగతా భోజనమంతా పాత పద్ధతిలోనే సాగనిచ్చి, ఉదయం ఒక్క గ్లాసు తాగితే వచ్చేది కాదు.

జ్యూసు దుకాణాల్లో స్మూతీ పేరుతో అమ్ముతున్నది మరీ అన్యాయం. పండ్ల గుజ్జును వడగట్టేసి, పీచునంతా పారబోసి, పంచదార, తేనె, ఐస్‌క్రీం వేసి ఇస్తున్నారు. పంచదార ఎక్కువైతే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, మన దేశంలో చాలామంది రిపోర్టుల్లో ఇబ్బంది పెడుతున్నవి కూడా అవే. పాల సంగతి చెప్పనక్కర లేదు. చట్టం ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో కనీసం 6 శాతం వెన్న ఉండాలి, డబుల్ టోన్డ్ పాలలో ఉండేది 1.5 శాతమే, అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో ఒకదానితో 12 గ్రాముల కొవ్వు, మరొకదానితో 3 గ్రాములు వస్తాయి. ఇంట్లో పితికిన గేదె పాలైతే ఇంకా చిక్కన. స్మూతీ తాగి, ఆపైన ఎప్పటిలాగే నాలుగు ఇడ్లీలో పెసరట్టో తింటే బరువు పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. దాన్ని టిఫినుకు బదులుగా తీసుకోవాలి.

మా ప్రాంతపు పంటల విషయంలోనూ ఆ వ్యాసం తారుమారుగా చెప్పింది. స్మూతీ రుచిగా ఉండాలంటే కొబ్బరి పాలు పోయమని, అందులో కొలెస్ట్రాల్ ఉండదని రాశారు. మొక్కల నుంచి వచ్చే ఏ ఆహారంలోనూ కొలెస్ట్రాల్ ఉండదన్నది నిజమే, కానీ పచ్చి కొబ్బరిలో 100 గ్రాములకు 33 గ్రాముల దాకా కొవ్వు ఉంటే, అందులో సుమారు 30 గ్రాములు సంతృప్త కొవ్వే. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టుకొని కణంలోకి చేర్చే గ్రాహకాలను కనుగొన్నందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి ఇచ్చారు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే కాలేయంలో ఆ గ్రాహకాల పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. మరోవైపు పలాస జీడిపప్పును మాత్రం గుండెకు శత్రువన్నట్లు పక్కన పెట్టమన్నారు. జీడిపప్పులో కొవ్వు ఎక్కువే అయినా అందులో సంతృప్త కొవ్వు ఐదో వంతు లోపే, మిగిలినదానిలో ఎక్కువ భాగం వేరుశనగ నూనెలో ఉండే ఓలిక్ ఆమ్లం కోవకు చెందినది. ఉప్పు, నూనె లేకుండా గుప్పెడు తింటే కొలెస్ట్రాల్‌కు హాని లేదు. కొబ్బరి మా ఉద్దానం రైతుకు బతుకు కాబట్టి ఈ మాట రాయడం నాకు ఇష్టమైన పనేమీ కాదు. పచ్చడిలోనో కూరలోనో కొద్దిగా వాడుకుంటే ఫరవాలేదు గానీ, కొలెస్ట్రాల్ తగ్గించే మందుగా రోజూ గ్లాసుడు కొబ్బరి పాలు తాగమనడం తగదు.

ఇక ప్రధాన విషయానికి వస్తాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఎంతగా వ్యాపించిందో మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది. చాలామందిలో షుగరు గానీ, బీపీ గానీ కారణంగా కనబడకుండానే వచ్చే ఈ జబ్బుకు మూలమేమిటో ఇంకా తేలలేదు. తొలి దశల్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. మూత్రంలో ప్రొటీన్ కూడా తరచుగా తక్కువే పోతుంది కాబట్టి మూత్రపరీక్ష ఒక్కటీ చేయించుకొని బాగున్నామనుకోవడానికి వీల్లేదు. కిడ్నీలు వడగట్టి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చూసి, దాన్నిబట్టి వడపోత సామర్థ్యాన్ని లెక్కగడితేనే తెలుస్తుంది. జబ్బు ఉన్న సంగతి తెలియనివారు పొలం పనులకు వెళ్తూ మన మధ్యే తిరుగుతుంటారు. కిడ్నీ దెబ్బతిన్నవారికి గుండె జబ్బు ముప్పు మామూలువారికంటే ఎక్కువ కాబట్టి, కొలెస్ట్రాల్ తగ్గించుకోవాలన్న ఆత్రుత వారిలోనూ ఉంటుంది. మీ వ్యాసాన్ని కత్తిరించి దాచుకునేవారిలో వారు తప్పక ఉంటారు.

అలాంటి వ్యక్తి మీరు రాసిన అరటి, పాలకూర, కొబ్బరి నీళ్ల పచ్చ స్మూతీ తాగాడనుకుందాం. ఒక అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. 50 గ్రాముల పచ్చి పాలకూరలో 280 దాకా, 200 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో 500 దాకా ఉంటుంది. మొత్తం 1,100 దాటింది. రక్తంలో పొటాషియం పెరిగిన కిడ్నీ రోగులకు రోజంతటికీ 2,000 మిల్లీగ్రాములకు మించవద్దని తరచుగా చెబుతారు. అంటే రోజుకు అనుమతించినదానిలో సగానికి పైగా పొద్దున్నే ఒక్క గ్లాసులో అయిపోయింది, ఇంకా అన్నం, పప్పు, కూర మిగిలే ఉన్నాయి. తిన్న పొటాషియంలో ఎక్కువ భాగాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే. అవి పంపలేనప్పుడు అది రక్తంలో నిలిచిపోయి గుండె లయను తప్పిస్తుంది, ఒక్కోసారి ముందుగా ఏ సూచనా లేకుండానే తప్పిస్తుంది. కిడ్నీ రోగులకు కూరలను ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వార్చేయమని ఆహార నిపుణులు చెప్పేది ఇందుకే. పొటాషియంలో కొంత ఆ నీళ్లతో పోతుంది. స్మూతీలో జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆకును పచ్చిగా, చుక్క కూడా పోనివ్వకుండా తాగుతాం. పాలకూరలో ఆక్సలేట్ అనే పదార్థం కూడా చాలా ఎక్కువ. కొందరు రోజూ మితిమీరి పచ్చి పాలకూర స్మూతీలు తాగి, ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకొని మూత్రపిండాలు పాడుచేసుకున్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ వంటి మాత్రలు వేసుకునేవారు మన ఊళ్లలో ఇంటికొకరు ఉన్నారంటే అతిశయోక్తి కాదు. అవి మంచి మందులే, కిడ్నీని కాపాడేవే. కానీ రక్తంలో పొటాషియాన్ని కొంత పెంచే గుణం వాటికుంది. కిడ్నీ కొంచెం బలహీనంగా ఉండి, ఈ మాత్ర వేసుకుంటూ, రోజూ కొబ్బరి నీళ్ల స్మూతీ తాగితే మూడూ ఒకే దిక్కుకు లాగుతాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవారు ఆకుకూరల మోతాదును హఠాత్తుగా పెంచకూడదన్నది మరో జాగ్రత్త. అటార్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్రలు వాడేవారు పంపరపనస రసం తాగే ముందు డాక్టరును అడగడం మంచిది, ఎందుకంటే ఆ జాతి పండ్లలో కొన్ని ఈ మందులు శరీరంలో విచ్ఛిన్నం కాకుండా అడ్డుపడి రక్తంలో వాటి మోతాదును పెంచుతాయి.

కిడ్నీ పరీక్ష బాగుందని తేలినవారు ఖర్చు లేకుండా చేసుకోగలిగిన పద్ధతి ఒకటి చెబుతాను. ఓట్స్ కోసం ఖరీదైన ప్యాకెట్లే కొననక్కర లేదు. కిరాణా దుకాణంలో విడిగా దొరికే బార్లీ గింజల్లోనూ బీటా గ్లూకాన్ దాదాపు అంతే ఉంటుంది. మనిషికి 40 గ్రాముల బార్లీని రాత్రి నానబెట్టి, ఉదయం మెత్తగా ఉడికించి, ఆ చిక్కటి గంజి పారబోయకుండానే చల్లార్చి, కప్పుడు బొప్పాయి ముక్కలో, తొక్కతో సహా సగం జామకాయో వేసి, వెన్న తీసిన మజ్జిగతో మిక్సీలో తిప్పాలి. వడగట్టకూడదు. అవిసె గింజలు వేసుకోదలచినవారు వేయించి పొడి చేసి ఒక చెంచా కలపాలి, ఎందుకంటే గింజలుగా మింగితే అరగకుండానే వెళ్లిపోతాయి. సీతంపేట అనాస వచ్చే కాలంలో దాన్నీ వాడుకోవచ్చు, కాకపోతే పాలతో కలిపి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. పంచదార అవసరం లేదు. ఇంత జీలకర్ర పొడి చాలు. 3 గ్రాముల లెక్క పూర్తి కావాలంటే మధ్యాహ్నమో రాత్రో మరోసారి బార్లీ గానీ ఓట్స్ గానీ తినాలి. ఇంట్లో పెద్దలు చోడి (రాగి) అంబలితోనే ఇది సరిపోదా అని అడుగుతారు. చోళ్లలో కాల్షియం, పీచు దండిగా ఉన్నాయి, అంబలి మానేయమని ఎవరూ అనరు. కానీ పైత్యరసాన్ని పట్టి ఉంచే ఈ జిగురు పీచు విషయంలో అవి బార్లీకి సాటి రావు. ఇసబ్‌గోల్ కూడా పనిచేస్తుంది, అయితే దాన్ని పెద్ద గ్లాసుడు నీళ్లతో తీసుకోవాలి, మాత్రలకూ దానికీ మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి. ఏది మొదలుపెట్టినా 6 నుంచి 12 వారాల తర్వాత లిపిడ్ ప్రొఫైల్ అనే కొలెస్ట్రాల్ రక్తపరీక్ష మళ్లీ చేయించుకొని, అంకె చూసి నిర్ణయించుకోవాలి.

మీ ఆరోగ్య పేజీని నిర్వహించేవారికి నా విన్నపం ఇది. ఇకపై ఏ స్మూతీ తయారీ ప్రచురించినా పదార్థాలను గ్రాముల్లో ఇవ్వండి. అరటి, ఆకుకూర, కొబ్బరి నీళ్లు, టమాటా ఉన్న ప్రతి తయారీ కింద, క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవారు డాక్టరును అడగకుండా తాగవద్దని, లోపలి పేరాలో ఎక్కడో ఒక వాక్యంగా కాక, కనబడే అక్షరాల్లో వేయండి. శ్రీకాకుళం జిల్లా అనుబంధంలోనైనా ఇది తప్పనిసరి. బార్లీ, ఓట్స్, గింజల్లో కిడ్నీ రోగులు జాగ్రత్త పడవలసిన భాస్వరం కూడా ఉంటుంది కాబట్టి, క్రియాటినిన్ కొద్దిగా మాత్రమే పెరిగి ఇంకా డయాలసిస్ దాకా వెళ్లనివారు వీటిని రోజుకు ఎంతవరకు తీసుకోవచ్చన్న ప్రశ్నకు ఒక కిడ్నీ వైద్య నిపుణుడితో జవాబు రాయించి ప్రచురిస్తే, ఉద్దానంలోని మీ పాఠకులకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం