గుడ్లగూబ వద్దు, సంచి కటింగ్ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో మిగిలిపోయిన బట్ట ముక్కలతో పర్యావరణానికి మేలు చేసే వస్తువులు అని ఒక పేజీ వేశారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. పువ్వులు, ఫోటో ఫ్రేము, గోడకి తగిలించే గుడ్లగూబ... బాగున్నాయి, కాదనను. కానీ పక్కనే కావలసిన సామాను చూడండి. గ్లూ గన్, థర్మోకోల్ షీటు, ప్లాస్టిక్ ముత్యాలు, మెరుపుల పొడి. ఊరికే వచ్చిన ముక్కని వాడటానికి రెండొందలు పెట్టి ప్లాస్టిక్ కొనాలన్నమాట. పైగా జిగురుతో అతికించిన గుడ్డని ఉతకలేం, దుమ్ము పట్టాక ఆ గుడ్లగూబ థర్మోకోల్‌తో సహా చెత్తబండి ఎక్కుతుంది.

నేను గుంటూరు జిల్లాలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఒక్క జాకెట్టు కత్తిరిస్తే మెడ దగ్గర అరచందమామ లాంటి ముక్క, చంకల దగ్గర వంకర ముక్కలు, చేతుల పక్కన సన్నటి పేలికలు మిగులుతాయి, లైనింగుకి మళ్ళీ అన్నీ అంతే. శ్రావణ మాసంలో అయితే వారానికో గోనెసంచి నిండుతుంది. చెత్తబండి అబ్బాయి ఒకరోజు తీసుకుంటాడు, ఇంకోరోజు ఇది ఏ డబ్బాలో వేయాలో నాకు తెలీదంటాడు, ఆఖరికి వీధి చివర ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. పాలిస్టరు కాలిన కంపు ఎలా ఉంటుందో మా వీధిలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

అసలు ముందు నేర్పాల్సింది ముక్కల్ని వేరు చేయడం. అనుమానం వస్తే ఒక్క పోగు లాగి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి (చేత్తో పట్టుకోకండి, నాకు కాలింది). నూలు అయితే కాగితం కాలినట్టు కాలి బూడిద రాలుతుంది, పాలిస్టరు ముడుచుకుపోయి, కరిగి గట్టి పూసలా అవుతుంది. నూలు నీళ్ళు పీలుస్తుంది కాబట్టి మసిగుడ్డకైనా పసిపిల్లల పక్కగుడ్డకైనా అదే కావాలి. ఇదంతా ఆడవాళ్ళ కాలక్షేపం అనుకునేవాళ్ళకి ఒక మాట. 1999లో మొదలైన గూంజ్ సంస్థ పాత నూలు బట్టలతో నెలసరి ప్యాడ్లు తయారు చేయిస్తోంది, దాన్ని మొదలుపెట్టిన అన్షు గుప్తా గారికి 2015లో రామన్ మెగసెసే అవార్డు కూడా వచ్చింది.

ఇక పాలిస్టరు. మన ఇళ్ళలో బొట్టు పెట్టి ఇచ్చే జాకెట్టు ముక్కలు ఎవరైనా కుట్టించుకుంటున్నారా చెప్పండి? ఈ పేరంటంలో తీసుకున్నది ఆ పేరంటంలో ఇచ్చేయడమే. నేను ఇచ్చిన ఒక ఆకుపచ్చ ముక్క మూడేళ్లు ఊరంతా తిరిగి మళ్ళీ నాకే వచ్చింది, మూలన నేను పెట్టిన పసుపు చూసి గుర్తుపట్టాను. ఆ రోజే దాన్ని సంచి చేసేశాను. 16 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ముక్కలు రెండు, లోపలికి అదే కొలతలో పాత ప్యాంటు బట్ట. అడుగున రెండు మూలలూ త్రికోణంలా మడిచి, కొసకి రెండంగుళాలు పైన అడ్డంగా ఒక కుట్టు వేస్తే సంచి కింద పెట్టినా చక్కగా కూర్చుంటుంది, టమాటాలు దొర్లిపోవు. పట్టుకునే చోటికి పాత చీర అంచుని నాలుగు మడతలు వేసి, సంచికి కలిసే దగ్గర చదరంగా కుట్టి ఆ చదరం మధ్యలో ఇంటూ మార్కులా ఇంకో కుట్టు వేయాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు, ఐదు కిలోల బియ్యం పోయగానే ఊడొస్తుంది, అప్పుడు గుడ్డ సంచులే ఇంత అంటారు.

120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం అన్నారు, మా మార్కెట్లో కొత్తిమీర కట్ట ఇంకా అందులోనే ఇస్తున్నారు. కొన్ని షాపుల్లో గుడ్డ సంచి అని ఇచ్చేది, చిన్న చిన్న గుంటలు నొక్కినట్టు ఉంటుంది చూడండి, అదీ గుడ్డ కాదు, పాలీప్రొపైలీన్ అనే ప్లాస్టిక్కే. దాన్ని చూసి మోసపోకండి.

బొంత గురించి మీ పేజీలో ఒక్క ముక్క లేకపోవడం నాకు బాధేసింది. మా అమ్మమ్మ నేల మీద నూలు చీర పరిచి, దాని మీద పేలికలు ఎత్తుపల్లాలు లేకుండా సర్ది, పైన ఇంకో చీర కప్పి, మోకాళ్ళ మీద కూర్చుని దబ్బనంతో వరస వరసా టాకాలు వేసేది. బెంగాల్ వాళ్ళ కాంథా కూడా అలా పాత చీరలతో పుట్టిందే, ఇవాళ షోరూముల్లో వేలకి అమ్ముతున్నారు. మనకి మాత్రం బొంత అనగానే గంతకు తగ్గ బొంత అని వెక్కిరింపే గుర్తొస్తుంది. అయితే ఒకటి, ఇప్పటి సింథటిక్ చీరలతో కుడితే మాత్రం దాని మీద పడుకోలేం, వీపంతా చెమటే.

మీరు చేయగలిగింది ఒకటుంది. మా టైలర్లం కొత్త కటింగ్ ఏదైనా ముందు న్యూస్‌పేపరు మీదే గీసి కత్తిరించుకుంటాం, మా షాపులో గోడకి వేలాడే మెడ డిజైన్లన్నీ మీ పేపరువే. కాబట్టి ఈసారి గుడ్లగూబ బదులు సంచి కటింగ్‌లో సగం అసలు సైజులో పేజీ నిండా వేయండి, చదివినవాళ్ళు ఆ పేజీనే కత్తిరించి, మధ్యకి మడిచిన బట్ట మీద మడత వైపు పెట్టుకుంటారు. గీసి పంపమంటే నేనే పంపిస్తాను, డబ్బులేం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్, గుంటూరు జిల్లా